స్టోర్స్ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

అమ్మా,

ఆసుపత్రి స్టోర్స్ నీకు అప్పగించారని విని సంతోషించాను. లాభం పెంచమని యాజమాన్యం అడుగుతూనే ఉంటుంది. రోగి బిల్లు పెంచకుండా లాభం పెరిగే చోటు నీ స్టోరే. అరల్లో కదలకుండా పడివున్న సరుకంతా ఆగిపోయిన డబ్బే కదా.

ముందు ఏడాది వాడకం విలువను బట్టి సరుకును ఏ, బీ, సీలుగా విడదియ్యి: ఎక్కువ ఖర్చయ్యేవి ఏ, మధ్యరకం బీ, తక్కువవి సీ. సాధారణంగా 10-20 శాతం ఐటమ్స్ మీదే 70 శాతం దాకా ఖర్చవుతుంది. స్టెంట్లు, ఒంట్లో అమర్చే ఇంప్లాంట్లు, ఖరీదైన యాంటీబయాటిక్స్ అలాంటివి. వాటిని వారం వారం నువ్వే లెక్కపెట్టు. దూదికి అంత కాపలా అక్కర్లేదు.

అయితే విలువ ఒక్కటే చూస్తే ప్రమాదం. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఖర్చులో సీ, అవసరంలో అన్నిటికన్నా ముందు. అది లేని నిమిషాన మనిషి పోతాడు. అందుకని ఐసీయూ, ఎమర్జెన్సీ డాక్టర్లతో కూర్చుని ప్రాణాధారమైనవి ఏవో విడిగా రాయించుకో. పొదుపు పేరుతో వాటి జోలికి ఎవరొచ్చినా ఒప్పుకోకు.

ఆర్డరు ఎప్పుడు పెట్టాలో అంచనాతో కాదు, లెక్కతో తేల్చు. ఒక ఇంజెక్షన్ మందు రోజుకు 20 వయల్స్ (చిన్న సీసాలు) వాడుతూ, సరుకు రావడానికి 5 రోజులు పడితే 100 కావాలి. అనుకోని రద్దీకి మరో 60 కలుపు. నిల్వ 160కి దిగగానే ఆర్డరు వెళ్లాలి. పదికి రెండు ఫ్రీ అంటూ కంపెనీవాళ్లు వస్తారు. ఎక్స్‌పైరీ లోపు వాడతామా అన్నదే నీ ప్రశ్న. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు బయటికి పోవాలి, ముందు వచ్చింది కాదు. ఇన్సులిన్, చాలా వ్యాక్సిన్లు 2-8 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి కరెంటు పోతే ఫ్రిజ్ ఎవరు చూస్తారో కూడా ఇప్పుడే అడుగు.

అసలు డబ్బు కారిపోయేది మాత్రం ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో. హడావుడిలో విప్పిన కుట్ల దారం, కాథెటర్ బిల్లుకెక్కవు. నర్సుల్ని తిట్టకు, వాళ్లకి టెన్షన్ చాలు. ప్రతి కేసుకీ వాడకం స్లిప్పు పెట్టించి, అదే రోజు బిల్లుతో సరిచూడు. పొరపాటున ఎక్కువ ఎక్కితే రోగికి తగ్గించడం కూడా అందులో భాగమే. ఇంప్లాంట్లయితే వాడాకే డబ్బు కట్టే ఏర్పాటుకి సప్లయర్లని ఒప్పించు. ఇంప్లాంటుతో వచ్చే స్టిక్కరు రోగి కేస్‌షీట్‌లో అంటించాకే సప్లయరు బిల్లు పాస్ చెయ్యి.

ఒకే మందుకి ఐదు బ్రాండ్లుంటే రెండుకి తగ్గించాలి. అది నీ ఒక్కదానివల్ల కాదు, డాక్టర్ల కమిటీ కావాలి. నెల వాడకం లెక్కలతో వెళ్లు, వింటారు.

మొదటి నెల ఓటీ స్లిప్పులకీ బిల్లులకీ తేడా ఎంత తేలిందో నాకు రాయి.

మీ పెదనాన్న