రెక్టమ్ ఎండోమెట్రియోసిస్ సర్జరీ తర్వాత ఇన్నిసార్లు మోషన్ రావడం ఎప్పటికీ ఇంతేనా?

రెక్టమ్ (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) దాకా పాకిన ఎండోమెట్రియోసిస్‌కి (గర్భాశయం లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) పేగు కొంత తీసి కలిపారని, రెండు నెలలైనా పొద్దున్నే వరసపెట్టి టాయిలెట్‌కి పరిగెత్తాల్సి వస్తోందని రాశారు. ఇక ఇంతేనా అని అడిగారు.

చాలామందికి ఇంతే కాదండీ, తగ్గుతుంది. నాదీ అదే ఆపరేషన్. కోత నొప్పి కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఈ మోషన్ల వ్యవహారమే. వెళ్తే కాస్తే అవుతుంది. అయిపోయిందని లేచి, చేతులు కడుక్కుని తుడుచుకునేలోపే మళ్లీ వస్తుంది. మళ్లీ కాస్తే. పొద్దున అంతా అలా గడిచాక సాయంత్రం దాకా ఏమీ ఉండదు. ఇవి విరేచనాలేమో అని భయపడి తిండి తగ్గించేయకండి. మలం మామూలుగానే ఉండి విడతలు విడతలుగా వస్తుంటే దాని లెక్క వేరు.

రెక్టమ్ పని మలాన్ని కాసేపు నిలవ ఉంచడం. అందులో కొంత పోతే చోటు తగ్గుతుంది, మిగిలినది మునుపటిలా సాగదు. పక్కనుంచి వెళ్లే నరాలు జబ్బు వల్లో, ఆపరేషన్ వల్లో దెబ్బతింటే వచ్చేది గ్యాసా, మోషనా అన్నది కూడా తెలియదు. నలుగురిలో నిలబడి ఉన్నప్పుడు ఆ అనుమానం వస్తే ఉండే టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు.

డాక్టర్లు దీన్ని లార్స్ (LARS, లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్) అంటారు, అంటే రెక్టమ్ కొంత తీశాక వచ్చే మోషన్ల ఇబ్బందులు. ఐదు ప్రశ్నలతో 0 నుంచి 42 దాకా స్కోరు వేస్తారు. 20 లోపు ఉంటే లేనట్టే, 21 నుంచి 29 వరకు స్వల్పం, 30 నుంచి తీవ్రం. కానీ అది రెక్టల్ క్యాన్సర్ పేషెంట్ల కోసం తయారుచేసిన స్కోరు. ముక్కాల్సి రావడం, మలబద్ధకం గురించి అందులో అడగరు. పైగా మనలో చాలామందికి ఆపరేషన్‌కి ముందే కడుపు సరిగ్గా ఉండదు. అందుకే అప్పటికి, ఇప్పటికి తేడా ఏమిటో మీరే రాసుకుని తీసుకెళ్లండి. షేవింగ్ చేశారా (పేగు మీది జబ్బును పైపైన గీకి తీయడం), డిస్క్‌లా గుండ్రంగా కోశారా, పేగు ముక్కే తీశారా, పేగు కలిపిన చోటి కుట్టు మలద్వారానికి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉంది అని సర్జన్‌ని అడగండి. కుట్టు ఎంత కిందికి ఉంటే ఇబ్బంది అంత ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

నాకు బాగా పనికొచ్చింది పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ, అంటే పొత్తికడుపు అడుగున, మలద్వారం చుట్టూ ఉండే కండరాలకి చేయించే వ్యాయామాలు. బిగించడమే నేర్పుతారనుకుని వెళ్లాను, సగం క్లాసు వదులు చేయడం మీదే నడిచింది. ఇసబ్‌గోల్ నీళ్లలో కలుపుకుని తాగితే విడతలు తగ్గాయి. మలబద్ధకానికి వాడేదే కదా అనిపిస్తుంది గానీ, అది పల్చటి మలాన్ని గట్టిపరుస్తుంది కూడా. బయటికి వెళ్లేముందు లోపెరమైడ్ (మోషన్లు ఆపే మాత్ర) వేసుకోవడానికి మా సర్జన్ ఒప్పుకున్నారు. మీరు మాత్రం అడక్కుండా వేసుకోవద్దు, ముక్కి వెళ్లాల్సి వచ్చేవాళ్లకి అది ఇంకా ఇబ్బంది. ఇవేవీ చాలకపోతే మలద్వారం నుంచి నీళ్లు పంపి పేగు ఖాళీ చేసే ఇరిగేషన్ ఉంది. కుట్టు పూర్తిగా మానిందని సర్జన్ చెప్పాకే అది.

మొదటి ఏడాదిలోనే ఎక్కువ మార్పు కనిపిస్తుంది, ఆ తర్వాత కూడా మెల్లగా కుదురుకుంటుంది. నాకు పరుగులు పోయాయి, గ్యాస్ మీద అదుపు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. "టైమ్ పడుతుంది" అని పంపించేస్తే ఊరుకోకండి, పైన చెప్పినవి పేరుపెట్టి అడగండి.

మలం రానురాను సన్నబడి, ముక్కితేగానీ రాకపోతే కుట్టు దగ్గర ఇరుకైందేమో చూడాలి, దాన్ని బెలూన్‌తో వెడల్పు చేస్తారు. జ్వరం, పెరిగే కడుపునొప్పి, వాంతులతో పాటు గ్యాస్ కూడా పోకపోవడం, యోనిలోంచి గ్యాసో మలమో రావడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లండి. యూరిన్ పూర్తిగా అవ్వట్లేదనిపించినా చెప్పండి. మూత్రాశయానికి వెళ్లేవీ ఆ చుట్టుపక్కల నరాలే, యూరిన్ పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు.