వెలిగితే పని చేసినట్టేనా?

ప్రశ్న: క్లోరైడ్ లాంటి అయాన్లను కణం పొర దాటించే కృత్రిమ అణువులు తయారు చేస్తున్నారట, వాటిలో కొన్ని నీలి కాంతి పడితే పచ్చగా మెరుస్తాయట. మా అక్క కొడుకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, వాడు చెప్పాడు. అయాన్‌ను మోస్తున్నప్పుడే వెలుగుతాయా? అసలు వెలగాల్సిన పనేమిటి?

జవాబు: కాదండీ, చాలావాటిలో మోయడం వేరు, వెలగడం వేరు. ముందు మోత సంగతి చూద్దాం. కణం పొర మందం నాలుగైదు నానోమీటర్లే, కానీ లోపలంతా కొవ్వు. చార్జ్ ఉన్న అయాన్ నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది, వాటిని వదిలేసి కొవ్వులోకి దిగాలంటే చాలా శక్తి కావాలి, అందుకే దారి ఇవ్వడానికి పొరలో ప్రొటీన్లు ఉంటాయి. ఆ ప్రొటీన్ చెడిపోతే చిక్కే. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వారసత్వ జబ్బులో జరిగేది అదే. సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ (దాని జన్యువును 1989లో గుర్తించారు) సరిగా పని చేయక క్లోరైడ్ కదలిక దెబ్బతింటుంది, ఊపిరితిత్తుల్లో కఫం బంకలా చిక్కబడుతుంది. తలుపు పని చేయకపోతే క్లోరైడ్‌ను మోసుకుంటూ పొరలోంచే దాటే అణువును పెడదామని రసాయన శాస్త్రవేత్తల ఆలోచన. ప్రకృతిలో ఇది పాత విద్యే, బాక్టీరియా తయారు చేసే వాలినోమైసిన్ పొటాషియంను ఉంగరంలా చుట్టేసి ఇలాగే దాటిస్తుంది. ఇలా మోసే కృత్రిమ అణువుల్లో, అంటే వాహకాల్లో, థయోయూరియా రకం ఎక్కువ వాడతారు, దాని నైట్రోజన్ మీది హైడ్రోజన్లు క్లోరైడ్‌ను పట్టుకుంటాయి.

ఇక వెలుగు ఎందుకంటే, అణువు ఎక్కడికి పోయిందో చూడటానికి. వాహకాన్ని మొదట లైపోసోముల్లో, అంటే సుమారు 200 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో, పరీక్షిస్తారు. బుడగకు ఉన్నది సాధారణంగా ఒక్క పొరే, మరి కణంలో బయటి పొర కాక మైటోకాండ్రియా (శక్తి తయారు చేసే భాగం), లైసోసోము (చెత్తను జీర్ణం చేసే సంచి) లాంటి లోపలి భాగాలకు బోలెడు పొరలు ఉంటాయి కదా, ఏ పొరలో చేరిందో తెలియకుండా ఏం చేస్తోందో చెప్పడం కష్టం. అందుకే నాఫ్తలిమైడ్ లాంటి మెరిసే ముక్కను వాహకంలోనే కలిపి కట్టి, కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ (కణంలో ఒక్కో లోతును విడిగా చూపేది) కింద చూస్తారు. బయటి పొర మీద ఉంటుందనుకున్నది లోపలికి జారిపోయి లైసోసోముల్లో పోగుపడటం మామూలే. లైసోసోము లోపల ఆమ్లం ఉంటుంది, వాహకం వల్ల ఆ ఆమ్లత తగ్గితే కణం తన చెత్తను తాను జీర్ణం చేసుకోలేదు, చివరికి చావచ్చు కూడా. క్యాన్సర్ కణాన్ని చంపాలనుకునేవాళ్లకు ఇది వరం, సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మందు వెతికేవాళ్లకు పెద్ద టెన్షన్.

అయితే మెరుపు చెప్పేది అడ్రస్ మాత్రమే, పని జరిగిందా అన్నది వేరే కొలవాలి. బహుశా మీ అక్కగారబ్బాయి దగ్గర కలగలిసిపోయింది ఇదే అయ్యుంటుంది, లూసిజెనిన్ అనే రంగును బుడగ లోపల పెడతారు, క్లోరైడ్ లోపలికి వచ్చేకొద్దీ అది మసకబారుతుంది, అంటే ఇక్కడ వెలుగు తగ్గడమే విజయం! ఇంకో తిరకాసు కూడా ఉంది. నాఫ్తలిమైడ్ రకాలు చాలావరకు నీళ్లలో కంటే కొవ్వులో బాగా మెరుస్తాయి, కాబట్టి ఎక్కువ వెలుగు ఉన్నచోట ఎక్కువ అణువులు ఉన్నాయని కళ్లు మూసుకుని అనేయకూడదు. పైగా ఆ ముక్కే పెద్దది, జిడ్డుది, అది తగిలించగానే వాహకం నడక మారిపోవచ్చు. మెరవని వాహకానికి రంగు అతికించి చూసి, అసలుది కూడా అక్కడికే పోతుందని చెబితే నాకు నమ్మబుద్ధి కాదు. వెలుగు ముక్కతోనే వాహకంగా డిజైన్ చేస్తే ఆ బెడద లేదు, చూస్తున్నదీ మోస్తున్నదీ ఒకే అణువు.

ప్రశ్న: అయితే మందుగా వచ్చాయా?

జవాబు: ఇంకా ల్యాబ్ దశలోనే ఉన్నాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చిన ఐవాకాఫ్టర్ ఈ రకం కాదు, అది ఉన్న ప్రొటీన్ తలుపునే ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది.