ట్యాంక్‌బండ్ విగ్రహాలను నడుస్తూ చూడాలంటే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు హైదరాబాదులోని మా అబ్బాయి ఇంటికి వెళ్తున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలికి ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలను దగ్గరుండి చూపించాలని ఉంది. ఆ దారిన బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గాని, ఒక్కసారీ దిగి చూసింది లేదు. గైడ్ లేకుండా మేమిద్దరమే చూడాలంటే ఏ వేళలో వెళ్లాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, ఖమ్మం

సమాధానం: ఉదయమే వెళ్లండి. చల్లగా ఉంటుందని, వాహనాల రద్దీ తక్కువని మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. ట్యాంక్‌బండ్ హుస్సేన్‌సాగర్‌కు తూర్పు కట్ట. విగ్రహాలు నీటివైపు నిలబడి, చెరువుకు వీపు పెట్టి, రోడ్డువైపు, అంటే తూర్పుకు చూస్తుంటాయి. కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా వాటి ముఖాల మీద పడుతుంది. కనుబొమల కింది నీడ, పెదవుల బిగువు, శాలువా మడతల లోతు అప్పుడే తెలుస్తాయి. నగరంలో చాలామంది చేసినట్టు సాయంత్రం వెళ్తే సూర్యుడు విగ్రహాల వెనుక, సాగర్ మీదికి దిగుతూ ఉంటాడు. అస్తమయం అందంగానే ఉంటుంది గాని, ముఖాలన్నీ నల్లని నీడలుగా మిగిలిపోయి నన్నయ ఎవరో తిక్కన ఎవరో తెలియదు.

దక్షిణపు కొసన, లిబర్టీ వైపు ఉన్న అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలుపెట్టి ఉత్తరంగా రాణిగంజ్ వైపు నడవండి. జనవరి ఎండ మీ కుడి భుజం వెనుక నుంచి వస్తుంది, విగ్రహాలు ఎడమ చేతివైపు ఉంటాయి. కట్ట పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. ఊరికే నడిస్తే అరగంట దారి, చూస్తూ నడిస్తే రెండు గంటలు పడుతుంది. దిమ్మె కిందికే వెళ్లి తల పైకెత్తి చూస్తే గడ్డమూ ముక్కురంధ్రాలూ తప్ప మరేమీ కనిపించవు. దిమ్మెతో కలిపి విగ్రహం ఎంత ఎత్తుందో దానికి సుమారు రెండింతల దూరంలో, పక్కకు జరిగి నిలబడితే శరీరం నిలిచిన తీరు మొత్తం తెలుస్తుంది. మంచి చోటు కోసం వెనక్కి అడుగులు వేస్తూ రోడ్డు మీదికి దిగవద్దని మనవరాలికి ముందే చెప్పండి.

ఈ కట్టను కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. విగ్రహాలు వచ్చింది నాలుగు శతాబ్దాల తరువాత, 1980ల మధ్యలో, నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో. అప్పుడు నిలిపినవి 33 కంచు విగ్రహాలు. శాలివాహనుడు మొదలు శ్రీశ్రీ దాకా, రాజులు, కవులు, వాగ్గేయకారులు, సంస్కర్తలు, విప్లవకారులు ఉన్నారు. అన్నిటినీ ఒకే ఉదయం చూపించి పేర్లు వల్లె వేయించే ప్రయత్నం చేయకండి. మీరు తెలుగు చెప్పిన వారు గనుక ఒక చిన్న ఉపాయం చెబుతాను. వీరిలో ఎవరి ముఖం మనకు నిజంగా తెలుసు, ఎవరిది శిల్పి ఊహించి చేశాడు అన్న ఒక్క ప్రశ్నతో నడవండి.

గురజాడ, కందుకూరి, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, సర్ ఆర్థర్ కాటన్ వంటివారికి ఛాయాచిత్రాలున్నాయి. అక్కడ శిల్పి పని పోలిక తేవడం, ఆ పోలికలో మనిషి స్వభావాన్ని పట్టుకోవడం. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల విషయంలో అటువంటి ఆధారమేదీ లేదు. పద్యాలున్నాయి, రూపం లేదు. అందుకే ఆ ముఖాలలో శిల్పికి ఆ కవి ఎలా వినిపించాడో చూడవలసి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య కొందరున్నారు. కృష్ణదేవరాయలను ఆయన కాలపువారే లోహంలో పోతపోశారు. దేవేరులిద్దరితో కలిసి చేతులు జోడించి నిలిచిన ఆ ప్రతిమ తిరుమల ఆలయంలో ఈనాటికీ ఉంది. మీరు తిరుమల వెళ్లినప్పుడు చూసే ఉంటారు, ఆ ముఖాన్ని గుర్తు చేసుకుని కట్ట మీది రాయల ముందు నిలబడండి.

మనవరాలికి కథ కూడా కావాలి గనుక తానీషాను వదిలిపెట్టకండి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా, భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము ఖర్చుపెట్టినందుకు ఆయన ఏలుబడిలో చెరసాల పాలైన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, ఇద్దరూ ఇదే కట్ట మీద ఉన్నారు. కూచిపూడి భాగవతులకు ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చింది కూడా తానీషాయేనని పరంపరగా చెప్పుకుంటారు. ఆ నాట్యానికి మూలపురుషుడిగా కొలిచే సిద్ధేంద్ర యోగి విగ్రహం కూడా ఇక్కడే ఉంది. చెరలో పెట్టిన రాజు, చెరలో పాటలు కట్టిన భక్తుడు, ఆ రాజు ఆదరించిన కళకు ఆద్యుడు: ముగ్గురినీ వెతికి పట్టుకోమని అమ్మాయికి అప్పగించండి, మిగిలిన నడక తనే నడిపిస్తుంది. ఒక ప్రశ్నకు మాత్రం సిద్ధంగా ఉండండి. ఆ 33 మందిలో స్త్రీలు రుద్రమదేవి, మొల్ల, ఇద్దరే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ లెక్క వేయకుండా ఉండదు.

ప్రశ్న: పదేళ్లుగా ఈ నగరంలోనే ఉద్యోగం చేస్తున్నాను. శిల్పమంటే రామప్పలోనో హంపిలోనో చూడాలి గాని, రోడ్ల పక్క విగ్రహాలన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉంటాయని నా అభిప్రాయం. సాగర్ చుట్టుపక్కల నిజంగా శిల్పంగా చూడదగినవి ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

సమాధానం: మీ అభిప్రాయంలో కొంత నిజం ఉంది. సిమెంటుతో చేసి బంగారు రంగు పూసిన కూడలి విగ్రహాలను చూసీచూసీ మన కళ్లు మొద్దుబారిపోయాయి. అయితే గన్‌పార్కు నుంచి సాగర్ ఒడ్డు దాకా నడిచిపోగల దూరంలోనే నాలుగు భిన్నమైన పనితనాలు కనిపిస్తాయి, ఒక ఆదివారం కేటాయించి చూడండి.

అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి ముందు గన్‌పార్కుకు వెళ్లండి. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మారకం అక్కడ ఉంది. రూపొందించిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. 1970లో శంకుస్థాపన జరిగిన ఈ స్తూపం 1975 నాటికి పూర్తయింది. ఇందులో మనిషి బొమ్మ లేదు, పిడికిలి లేదు, జెండా లేదు. నల్లరాతి పీఠం మీద తూటాల గుర్తులను తలపించే రంధ్రాలు, దాని మీద ఎర్రని స్తంభం, కొసన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు, అంతే. ఆ తొమ్మిది రేకులు అప్పటి తెలంగాణ తొమ్మిది జిల్లాలు. కింది నుంచి పైకి నలుపు, ఎరుపు, తెలుపుగా చూపు ఎక్కుతుంది. దుఃఖాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన కట్టడం నగరంలో మరొకటి లేదని నేను అనుకుంటాను. ధర్నాల వేళ పూలదండల కింద, బ్యానర్ల వెనుక అది కనిపించకుండా పోతుంది గనుక, ఏ కార్యక్రమమూ లేని రోజున చూడండి.

అక్కడి నుంచి సాగర్ ఒడ్డుకు వస్తే లుంబినీ పార్కు పక్కన, 2023 జూన్ 22న ప్రారంభించిన కొత్త అమరుల స్మారకం ఉంటుంది. వెలుగుతున్న ప్రమిద ఆకారంలో, స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో చేసినది. రూపకర్త ఎం.వి.రమణారెడ్డి. గన్‌పార్కులోని రాయి వెలుతురును తాగేస్తుంది, ఈ ఉక్కు వెలుతురును తిప్పికొడుతుంది. ఆకాశం, మేఘం, పక్కనున్న సచివాలయం దాని ఒంటి మీద వంకర తిరిగి కదులుతుంటాయి. ఒకే ఉద్యమం తాలూకు జ్ఞాపకానికి అర్ధశతాబ్దం ఎడంతో వచ్చిన ఈ రెండు రూపాలను ఒకే పూట చూస్తే, నాకు మొదటిదే మనసులో నిలుస్తుంది. మీకు రెండోది నచ్చవచ్చు.

అక్కడికి దగ్గరలోనే 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. గుజరాత్‌లోని పటేల్ విగ్రహాన్ని రూపొందించిన రామ్ వాంజీ సుతార్, ఆయన కుమారుడు అనిల్ సుతార్ దీనినీ చేశారు. ఇంత పెద్ద విగ్రహాన్ని ఒకే పోతగా పోయడం సాధ్యం కాదు. లోపల ఉక్కు అస్థిపంజరం నిలబెట్టి, దాని చుట్టూ కంచు పలకలను బిగిస్తారు. భంగిమ మాత్రం మన ఊళ్లన్నిటిలో కనిపించేదే: చాచిన చూపుడువేలు, చేతిలో రాజ్యాంగం. లిబర్టీ దగ్గరి పాత విగ్రహాన్ని ముందు చూసి ఇక్కడికి రండి. రూపం అదే అయినా, పరిమాణం మారగానే మనిషికీ విగ్రహానికీ ఉన్న బంధం మారిపోతుంది. పాత విగ్రహం మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది, కొత్తది నగరంతో మాట్లాడుతుంది.

చివరగా, సాగర్ నడుమ ఉన్న బుద్ధుడు. భువనగిరి దగ్గరి రాయగిరిలో దొరికిన ఒకే తెల్ల గ్రానైటు బండ నుంచి ఎస్.ఎం.గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కినది. పని 1985లో మొదలైంది. 58 అడుగుల ఎత్తు, మూడువందల టన్నులకు పైబడిన బరువు. 1990 మార్చిలో నీటి మీదుగా తరలిస్తుండగా తెప్ప ఒరిగిపోయి విగ్రహం సాగర్‌లో మునిగింది, పనివారు కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా చెరువు అడుగున ఉన్న ఆ రాతిని చెక్కుచెదరకుండా పైకి తీసి 1992లో నిలబెట్టారు. కంచులో తప్పు జరిగితే కరిగించి మళ్లీ పోయవచ్చు. ఏకశిలలో ఉలి ఒక్క వేటు తప్పినా అతికించే దారి లేదు. పడవలో దీవికి చేరాక ముఖం వైపు కాక, ఒంటిని అంటుకుని జారే వస్త్రపు అంచుల వైపు చూడండి. రామప్పను ఇష్టపడే మీకు అక్కడ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ప్రశ్న: 2011లో ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలను ధ్వంసం చేశారని చదివాను. ఇప్పుడున్నవి అసలైనవేనా? అక్కడ ఎవరు ఉండాలన్నది ఎవరు నిర్ణయించారు?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

సమాధానం: 2011 మార్చి 10న తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన మిలియన్ మార్చ్‌లో అనేక విగ్రహాలను పడగొట్టారు, కొన్నిటిని సాగర్‌లోకి తోసేశారు. ధ్వంసమైనవాటి స్థానంలో ప్రభుత్వం తిరిగి ప్రతిష్ఠింపజేసింది. కాబట్టి మీరు చూసే వరుసలో 1980లనాటి పనీ, తరువాతి పనీ కలిసి ఉన్నాయి. కంచు మీది రంగు, పీఠపు రాయి కొత్తదనం గమనిస్తే తేడా ఊహించవచ్చు.

ఎంపిక నాటి ప్రభుత్వానిది. ఉమ్మడి రాష్ట్రపు తెలుగు గర్వాన్ని ఒక వరుసలో నిలపడం దాని ఉద్దేశం. ఆ వరుసలో తమవారు తగినంతమంది లేరన్నది తెలంగాణవాదుల అభ్యంతరం. ఆ మాట నిరాధారం కాదు: కొమురం భీం విగ్రహం ఆ కట్ట మీదికి తరువాతే వచ్చింది. విగ్రహాలను పగలగొట్టడం సరైన జవాబని నేను అనుకోను. అయితే పబ్లిక్ స్థలంలో విగ్రహం పెట్టడమంటే ఒక వాదన చేయడమే, ఆ వాదనను జనం ప్రశ్నించకుండా ఉండరు.

మీరు అక్కడికి వెళ్తే సురవరం ప్రతాపరెడ్డి విగ్రహం ముందు కాసేపు ఆగండి. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు 354 మంది కవులతో 1934లో గోల్కొండ కవుల సంచికను వెలువరించినవాడు ఆయన. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని విడిచిపెట్టారు అన్న మీ ప్రశ్న ఆయనకు కొత్తది కాదు.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. కట్ట మొత్తం నడవలేను. సగమే చూస్తే ఫలితం ఉంటుందా?
– గృహిణి, గుంటూరు

సమాధానం: తప్పకుండా ఉంటుంది. సగం కూడా అక్కరలేదు, అయిదారు విగ్రహాలు చాలు. మీరు చదివిన పద్యాలు ఎవరివో, పాడుకునే కీర్తనలు ఎవరివో వారినే ఎంచుకోండి. ఆటోను కట్ట మీద నడుమ దించమనండి, ఎందుకంటే రెండు కొసల నుంచీ మధ్యకు నడవడమే దూరం. ఒక విగ్రహం దగ్గర పది నిమిషాలు ఉండి, కూర్చోవడానికి చోటు చూసుకుని తరువాతి దానికి కదలండి. నీళ్ల సీసా, గొడుగు తప్పనిసరిగా ఉంచుకోండి, తొమ్మిది దాటితే ఆ కట్ట మీద నీడ దొరకదు. క్షేత్రయ్యనో అన్నమయ్యనో చూసినప్పుడు వారి పదం ఒకటి మెల్లగా పాడుకోండి. వాహనాల హోరులో పక్కవారికి ఎలాగూ వినపడదు.