చేతులు పైకెత్తితే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందా?

ప్రశ్న: నాకు ఏడో నెల. దండెం మీద బట్టలు ఆరేస్తుంటే, చేతులు పైకెత్తితే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని మా అత్తయ్య కోప్పడ్డారు. మొన్న గ్రహణం పూట తెలియక బయటికి వెళ్లాను. బిడ్డకు మొర్రి వస్తుందేమోనని భయంగా ఉంది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై ఆపరేషన్ అవుతుందంటే తిండి కూడా తగ్గించాను. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు తిండి సంగతి. ఈ పూట నుంచే మామూలుగా తినండమ్మా. బిడ్డ బాగా బరువు పెరిగేది ఈ చివరి మూడు నెలల్లోనే. ఇప్పుడు కడుపు మాడ్చుకుంటే మీకు నీరసం, బిడ్డకు బరువు తక్కువ. బిడ్డ మరీ పెద్దదవడానికి ఒక ముఖ్య కారణం తల్లికి షుగర్ అదుపులో లేకపోవడం. 24-28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్ష అయిందో లేదో చూసుకోండి.

పేగు విషయానికొస్తే, బొడ్డుతాడు అర మీటరుకు పైనే ఉంటుంది. ఉమ్మనీటిలో బిడ్డ పల్టీలు కొడుతుంటే చుట్టుకుంటుంది. నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో అలా కనిపిస్తూనే ఉంటుంది. చాలాసార్లు తల బయటికి రాగానే వేలితో తప్పించేస్తాం. మీ చేతులకూ దానికీ సంబంధం లేదు. బట్టలారేయడానికి స్టూలెక్కారంటే మాత్రం నేను అత్తయ్య పక్షమే!

మొర్రి భయం పోవడం కష్టం, ఎందుకంటే మన భాషలో దాని పేరే గ్రహణం మొర్రి. అలాంటి బిడ్డ పుడితే తల్లి ముందు పంచాంగం తిరగేయడం, తననే తిట్టుకోవడం నేను చూశాను. నిజానికి పై పెదవి ఏడో వారానికల్లా అతుక్కుంటుంది. చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంది. అతుక్కోకపోవడానికి వంశపారంపర్యం, పొగతాగడం, కొన్ని ఫిట్స్ మందులు వంటివి కారణం కావచ్చు. అప్పటికే అతుక్కున్న పెదవిని ఏడో నెలలో వచ్చిన గ్రహణం చీల్చలేదు. గ్రహణం పేరుతో గంటల తరబడి మంచినీళ్లు కూడా తాగకుండా కదలక పడుకోవడమే నాకు నచ్చదు.

బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు కారినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గ్రహణం విడిచాక వెళ్దామన్నా ఆగొద్దు.

అత్తయ్యతో వాదన పెట్టుకోకండి. వచ్చే చెకప్‌కి వెంట తీసుకెళ్లి, బిడ్డ గుండె చప్పుడు వినిపించండి. ఆవిడ సందేహాలు డాక్టర్‌నే అడగమనండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే ఆ మాట కూడా దాచకుండా చెప్పండి. గర్భిణుల టెన్షన్‌కు కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి.