ముంబైలో గోడబొమ్మలు వెతకడానికి ఒక్క రోజు చాలుతుందా?

మహారాష్ట్రలోని మన నాందేడ్ జిల్లా దెగ్లూరు నుంచి పరీక్ష రాయడానికి ముంబై వెళ్తున్నానని, మధ్యలో ఒక రోజు ఖాళీ దొరుకుతుందని, మ్యాపులో కనిపించే గోడబొమ్మలన్నీ ఆ రోజు చుట్టేయొచ్చా అని అడిగారు. చుట్టేయలేరు. లోకల్ రైళ్లలోనే పొద్దు గడిచిపోతుంది. మాదీ ఆ జిల్లానే, ధర్మాబాద్. మా పెద్దమ్మ వాళ్లు వర్లిలో ఉంటారు కాబట్టి అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు ఇదే పని. నా సలహా ఒక్కటే: ఒక పేటను పట్టుకోండి, దాన్ని కాలినడకన తిరగండి.

నన్నడిగితే ఆ పేట బాంద్రా వెస్ట్. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే పొద్దున్నే దాదర్‌లో దిగి, వంతెన దాటి వెస్టర్న్ లైన్ లోకల్ ఎక్కండి. బాంద్రాలో దిగి చాపెల్ రోడ్ అని అడిగితే ఆటోవాళ్లు తీసుకెళ్తారు. దాన్ని ఆనుకునే రణ్వార్ అనే పాత ఊరు ఉంటుంది. సన్నటి గల్లీలు, చెక్క మెట్ల ఇళ్లు, మధ్యలో శిలువలు. అక్కడ పెద్ద బొమ్మల కంటే చిన్నవే బాగుంటాయి. కరెంటు మీటరు పెట్టె చుట్టూ గీసినవి, కిటికీ కింద గీసినవి, మెట్ల పక్క గోడ మీదవి. తొమ్మిది దాటకముందే వెళ్లండి. దుకాణాల షట్టర్లు దించి ఉన్నప్పుడే వాటి మీది బొమ్మలు కనిపిస్తాయి. తెరిచాక ఏముంది, చుట్టలోకి వెళ్లిపోతాయి. పైగా తర్వాత బండ్లు అడ్డం పెట్టేస్తారు.

సినిమా బొమ్మలు ఇష్టమైతే రంజిత్ దహియా పేరు గుర్తుపెట్టుకోండి. హర్యానాలో సోనీపత్ దగ్గరి పల్లెటూరివాడు, మొదట్లో గోడలకు సున్నాలు వేసినవాడే. 2012లో బాలీవుడ్ ఆర్ట్ ప్రాజెక్ట్ అని మొదలుపెట్టి బాంద్రా గోడల మీద పాత తారల్ని గీశాడు. బాంద్రా రెక్లమేషన్‌లో ఎమ్‌టీఎన్‌ఎల్ అనే టెలిఫోన్ కంపెనీ భవనం మీద దాదాసాహెబ్ ఫాల్కే బొమ్మ కూడా ఆయనదే, 2014 నాటిది. అది దూరం నుంచి చూడాల్సిన బొమ్మ. కిందికి వెళ్లి తల ఎత్తితే గడ్డం తప్ప ఏమీ అర్థం కాదు.

ఇక మ్యాపుల సంగతి. వాటిలో చాలా చుక్కలు పాతబడ్డవే. వెళ్లేసరికి గోడకు కొత్త రంగు కొట్టి ఉంటుంది, లేదంటే ఆ ఇల్లే పడగొట్టి బిల్డింగ్ కడుతుంటారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసే వానకు రంగు పెచ్చులు లేచి, నాచు పట్టి నల్లబడుతుంది. అందుకని ఇన్‌స్టాగ్రామ్‌లో వీధి పేరుతో వెతికి, ఈ మధ్య పెట్టిన ఫోటోలే చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో వీధి ఫోటోలు చూపించే స్ట్రీట్ వ్యూ చూస్తే దాన్ని ఏ నెలలో, ఏ ఏడు తీశారో కూడా అందులోనే ఉంటుంది, గమనించండి. బొమ్మ నచ్చితే కింది మూల సంతకం కోసం చూడండి. ఆ పేరుతో వెతికితే ఆ ఆర్టిస్టు అదే ఊళ్లో ఇంకెక్కడ గీశాడో దొరుకుతుంది. మ్యాపు కంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

ఒక్కోసారి ఎంతో ముచ్చటపడి ఫోటో తీశాక మూలన కంపెనీ లోగో కనిపిస్తుంది. మన రోడ్ల పక్క సిమెంటు కంపెనీవాళ్లు గోడలు రాయించినట్టే ఇదీ, కాకపోతే కాస్త సోకు ఎక్కువ.

మనవాళ్లకు ఇంకో లాభం ఉంది, మరాఠీ వచ్చు కదా. గల్లీలో ఎవరైనా పెద్దావిడ కనిపిస్తే "తాయీ, భింతీవర్‌చీ చిత్రం కుఠే ఆహేత్?" (అక్కా, గోడల మీది బొమ్మలు ఎక్కడున్నాయి?) అని అడగండి. మన నాందేడ్ యాసకు నవ్వుతారేమో గానీ దారి మాత్రం చూపిస్తారు. ఒక్కటి మరిచిపోవద్దు, ఆ బొమ్మలున్నవి మనుషులు కాపురముండే ఇళ్లు. గడప ఎక్కి సెల్ఫీలు వద్దు, కిటికీల వైపు కెమెరా అసలే వద్దు.

బాంద్రా అయ్యాక ఓపిక ఉంటే చర్చ్‌గేట్ వెళ్లే లోకల్ ఎక్కండి. మాహిమ్ నుంచి దాదర్ దాకా పట్టాల పక్కనే తులసీ పైప్ రోడ్ ఉంటుంది. దాని పొడవాటి గోడను 2009లో ఊరి జనమే వచ్చి రంగులతో నింపారు. ఆనాటివి ఇప్పుడు వెతకొద్దు, మీద మీద గీస్తూనే ఉన్నారు. దిగాక చర్చ్‌గేట్ స్టేషన్ భవనం మీద బ్రెజిల్ ఆర్టిస్టు ఎదువార్దో కోబ్రా గీసిన గాంధీ ఉన్నాడు. రంగురంగుల గళ్లతో ఉంటుంది, నాకైతే పెద్దగా ఎక్కలేదు. కొలాబాలో ససూన్ డాక్ పేరు కూడా ఎవరైనా చెప్తారు. 1875 నాటి చేపల రేవు, 2017లో స్టార్ట్ ఇండియా (St+art India) అనే వీధి బొమ్మల సంస్థవాళ్లు అక్కడ పెద్ద ప్రదర్శన పెట్టారు. లోపల ఫోటోలు తీయాలంటే ముందు గేటు దగ్గర అడగండి. చేపల వాసన పడకపోతే మాత్రం వదిలేయండి.

పరీక్ష టెన్షన్‌లో ఇదంతా కుదరదనిపిస్తే హైదరాబాద్ ఉండనే ఉంది, మనకు దగ్గర కూడా. రాజ్‌భవన్ వెనకాల ఎమ్మెస్ మక్తా బస్తీలో ఇళ్ల గోడల మీద అదే స్టార్ట్ ఇండియావాళ్లు బొమ్మలు వేయించారు. నెక్లెస్ రోడ్ ఎమ్ఎమ్‌టీఎస్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు.