ప్రిన్సిపాల్ కుర్చీ సంగతి తర్వాత, ముందు కోఆర్డినేటర్ పని పట్టండి

'బెంగళూరులో పన్నెండేళ్ళుగా ఐసీఎస్ఈ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. గల్ఫ్‌లో ఇంటర్నేషనల్ స్కూలుకు నేరుగా ప్రిన్సిపాల్‌గా వెళ్ళొచ్చా?' అని అడిగారు.

నేరుగా అంటే కష్టమండీ. బెంగళూరు మారతహళ్ళి నుంచి నేను దుబాయ్ వెళ్ళింది ఫిజిక్స్ టీచర్‌గానే. ప్రిన్సిపాల్ గది తలుపు మీద నా పేరు పడేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. అప్పటికి జుట్టు సగం తెల్లబడింది.

నన్ను పైకి తెచ్చింది పాఠం చెప్పడం కాదు, కోఆర్డినేటర్ పని. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా అంటే మన ఇంటర్ స్థాయి కోర్సు. అందులో పిల్లలు ఆరు సబ్జెక్టులతో పాటు 4,000 పదాలలోపు ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే పరిశోధన వ్యాసం రాయాలి, టీఓకే (థియరీ ఆఫ్ నాలెడ్జ్), క్యాస్ (క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్) పూర్తి చేయాలి. ఈ గడువులన్నీ చూసుకునేది, అయిదేళ్ళకోసారి ఐబీ వాళ్ళు స్కూలును మదింపు చేసేటప్పుడు కాగితాలు సిద్ధం చేసేది కోఆర్డినేటరే. ఇంటర్వ్యూల్లో నన్ను తవ్వి తవ్వి అడిగింది కూడా ఈ పని గురించే.

తనిఖీలంటే అక్కడ ఆషామాషీ కాదు. దుబాయ్‌లో ప్రైవేట్ స్కూళ్ళను కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. ఫీజు పెంచుకునే వీలు తనిఖీలో వచ్చే రేటింగుకు ముడిపడి ఉండేది కాబట్టి యాజమాన్యానికి టెన్షన్, వాళ్ళ టెన్షన్ మనకు. నేను హెడ్‌గా చూసిన మొదటి తనిఖీలో ఇన్‌స్పెక్టర్ నా గదికే రాలేదు. తిన్నగా ఆరో తరగతిలోకి వెళ్ళి, చివరి వరసలో ఓ పిల్లాడి పక్కన కూర్చుని, 'ఇది ఎందుకు చేస్తున్నావు?' అని అడిగాడు. వాడు తలెత్తకుండా 'మిస్ చేయమంది' అన్నాడు. తనిఖీ కోసం రాత్రిళ్ళు కూర్చుని నేను రాసిన రిపోర్టు అక్కడే తేలిపోయింది. ఆ పిల్లాడి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు, నిజమే చెప్పాడు.

ఇక కాంట్రాక్టు. మొత్తం జీతం చూసి మురిసిపోకండి, బేసిక్ ఎంతో చూడండి. యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీదే: మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులు. నా మొదటి స్కూల్లో బేసిక్ మూడో వంతు కూడా లేదు, మిగతాదంతా అలవెన్సులు. వచ్చేసేటప్పుడు చేతికొచ్చిన చెక్కు చూసి మా ఆవిడ 'ఇదేనా?' అంది. ఇల్లు, పిల్లల ఫీజు కూడా స్కూలే ఇస్తుంటే, ఉద్యోగం పోయిన రోజున మూడూ ఒకేసారి పోతాయి. నాకు తెలిసిన ఒకాయన పదో తరగతి మధ్యలో కూతురిని తీసుకుని తిరిగి వచ్చాడు.

అందుకని మీకు నేను చెప్పేది ఇది. సర్జాపూర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు ఐబీ, కేంబ్రిడ్జ్ సిలబస్ చెప్పే స్కూళ్ళున్నాయి. జీతం కాస్త తగ్గినా సరే, అక్కడ కోఆర్డినేటర్‌గా రెండు మూడేళ్ళు చేసి అప్పుడు అప్లై చేయండి.

ఈలోగా సర్టిఫికెట్లు బయటికి తీయండి. అటెస్టేషన్, అంటే అవి అసలైనవేనని ప్రభుత్వ ముద్రలు వేయించుకోవడం, మొదలయ్యేది డిగ్రీ ఇచ్చిన రాష్ట్రంలోనే. నాది ఆంధ్రా డిగ్రీ, బెంగళూరులో కూర్చుని పని జరగలేదు. పైగా ముద్రలు వేసేది సర్టిఫికెట్ వెనక. మా నాన్నగారు ముచ్చటపడి నా బీఈడీ పట్టాకు లామినేషన్ చేయించారు. దాన్ని ఊడదీస్తే ఓ మూల చిరిగి, డూప్లికేట్ కోసం యూనివర్సిటీ చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. మీది లామినేట్ చేసి ఉంటే మాత్రం ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో ప్రయోగాలు చేయకండి.