బంబుల్ బీల మీద వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

బంబుల్ బీల మీద, అంటే ఒంటినిండా నూగుండే ఆ లావుపాటి ఈగల మీద, నీ వ్యాసం చదివాను. గూటికి చోటు వెతుక్కుంటూ రాణి నేలకు జానెడెత్తున వంకర్లు తిరుగుతూ ఎగరడం గురించి రాసిన వాక్యం బాగుంది. మూడో పేరాకు వచ్చేసరికి ఒళ్ళు మండింది. "ఎండలు ముదిరేకొద్దీ బంబుల్ బీలు చల్లటి ఉత్తరానికి తరలిపోతున్నాయి" అన్నావు. తరలిపోగలిగితే ఇంత బెంగ దేనికమ్మా? ఐరోపా, ఉత్తర అమెరికాల్లో 110 ఏళ్ళపాటు పోగైన నాలుగు లక్షల పైచిలుకు నమోదులను, 67 జాతులకు సంబంధించినవి, జెరెమీ కెర్ బృందం పరిశీలించి 2015లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. అవి బతికే ప్రాంతపు దక్షిణపు హద్దు 300 కిలోమీటర్ల దాకా ఉత్తరానికి జరిగింది. ఉత్తరపు హద్దు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. చాపను కింది కొస నుంచి చుట్టేస్తున్నారు, పైకొస పరుచుకోవడం లేదు. దక్షిణాది జాతులు కొండల మీదికి ఎగబాకిన మాట నిజమే. కొండ ఎంత ఎత్తుంటే అంతవరకే ఆ వెసులుబాటు.

నువ్వు వలసపక్షిని మనసులో పెట్టుకుని రాశావు. నాలుగు కూలీ ఈగలు కొత్తచోట వాలితే జాతి అక్కడికి చేరినట్టు కాదు. ఒక రాణి అక్కడ గూడు కట్టి, వేసవి దాటించి, కొత్త రాణులను కనాలి. అందుకే ఎవరు అడిగినా ఒకే మాట చెబుతాను: రాణిని వదిలేసి బంబుల్ బీ మీద ఒక్క పేరా కూడా రాయొద్దు. ముందు ఆమె ఏడాదిని నెలల వారీగా కాగితం మీద పెట్టుకో. వేడీ, నేలా ఎక్కడెక్కడ దెబ్బకొడతాయో అప్పుడు కనిపిస్తుంది.

వేసవి చివరికి పాత రాణి, కూలీలు, మగవి అన్నీ చస్తాయి. జతకట్టిన కొత్త రాణి ఒక్కతే మట్టిలో చిన్న గుంట చేసుకుని, ఒంట్లోని కొవ్వు మీద చలికాలం గడుపుతుంది. "చలికాలానికి గూటినిండా దాచుకున్న తేనె" అన్న నీ వాక్యం తేనెటీగది, కొట్టెయ్. చలికాలం వెచ్చబడితే ఆ కొవ్వు త్వరగా కరుగుతుంది, రాణి ముందే లేస్తుంది. బయట పూలుండవు. ఉన్నా ఆలస్యంగా కురిసిన మంచుకు మాడిపోతాయి.

గూడు దొరికాక జరిగేది దగ్గర్నుంచి చూపించు. ఎలుక వదిలేసిన గూట్లో పుప్పొడి ముద్ద మీద గుడ్లు పెడుతుంది. అంతకుముందే దర్జీ వేలికి తొడిగే అంగుస్తానంత మైనపు కుండ కట్టి మకరందం నింపుకుంటుంది. పొట్టను ముద్దకు ఆనించి, ముఖం కుండవైపు పెట్టి, కదలకుండా తాగుతూ పొదుగుతుంది. రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను వణికించి వేడి పుట్టిస్తుంది, పిల్లలను 30 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. మొదటి కూలీలు బయటికి రావడానికి నాలుగైదు వారాలు. అంతవరకూ మేతకు వెళ్ళాల్సింది ఆమే. వెళ్ళినంతసేపూ పిల్లలు చల్లబడతాయి. పూలు గూటి పక్కనే ఉన్నాయా, పొలాలు దాటి ఉన్నాయా అన్నది ఆ గూటికి చావుబతుకుల సంగతి. భూవినియోగం అనే పొడిమాటకు అర్థం ఇక్కడుంది.

ఆ ఒళ్ళు చలికి తయారైంది. ఒత్తుగా నూగు, ఎగరాలంటే రొమ్ముభాగం 30 డిగ్రీలకు ఎక్కాలి. ఎండాకాలంలో అదే పీకలమీదికి వస్తుంది. గూడు వేడెక్కితే కూలీలు మేత మానేసి రెక్కలతో విసురుతూ నిలబడతాయి. విసిరేవి పుప్పొడి తేవు. పొదల నీడా, దుబ్బుగడ్డీ ఉంటే గూడు అంతగా కాగదు. అందుకని "వాతావరణం" అనీ "భూవినియోగం" అనీ రెండు ఉపశీర్షికలు పెట్టడం నాకు నచ్చలేదు. ఉపశీర్షిక లేకపోతే పాఠకుడు పారిపోతాడని సంపాదకులకు ఎవరు నూరిపోశారో! అలాగని కెర్ బృందం చెప్పింది దాచకు: దక్షిణపు కోతకు భూవినియోగం, పురుగుమందులు కారణంగా తేలలేదు. అది ఖండమంత పటం మీది గీత. ఒక గూడు నిలుస్తుందా లేదా అన్నది చుట్టూ ఉన్న కొద్దిపాటి నేల తేలుస్తుంది. ఏ కొలత మీద మాట్లాడుతున్నావో ప్రతిసారీ చెప్పు.

"ఆవాస విధ్వంసం" అని మూడుచోట్ల రాశావు. ఏం పోయిందో రాయి. బ్రిటన్‌లో 1930ల నుంచి పూల పచ్చికబయళ్ళు 97 శాతం పోయాయి. నేలకు నత్రజని కోసం, గుర్రాల మేత కోసం క్లోవర్ అనే పచ్చిమేత మొక్క వేసేవారు. ఎరువు బస్తా, ట్రాక్టరు వచ్చాక దాని అవసరం తీరిపోయింది, ఆ పూల మీద బతికే పొడుగు నాలుక జాతులు దెబ్బతిన్నాయి. పూత అయ్యాక గడ్డి కోసే అలవాటు పోయి, పూతకు ముందే కోసి పశువుల మేతకు పాతర వెయ్యడం వచ్చింది. పొట్టి నూగు బంబుల్ బీ అక్కడ 1988లో చివరిసారి కనబడింది, 2000లో అంతరించిందని ప్రకటించారు. నూనె ఆవాల పొలం కొన్ని వారాలు పచ్చగా విరగబూస్తుంది, గూడు బలుస్తుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. గూట్లో నిల్వ కొద్ది రోజులకే సరి. గూళ్ళు ముందు బాగా పెరిగినా కొత్త రాణులు మాత్రం పెరగలేదని జర్మనీలో కొలిచి చూశారు.

ఇక నువ్వు రాసిన 46 శాతం సంగతి. 2020లో వచ్చిన ఆ అధ్యయనం 66 జాతులను చూసింది. 1901–1974తో పోలిస్తే 2000–2014లో, ఒక చోట ఒక జాతి ఉండే సంభావ్యత ఉత్తర అమెరికాలో 46 శాతం, ఐరోపాలో 17 శాతం తగ్గింది. ఈగల సంఖ్య గురించి అది చెప్పలేదు. నువ్వు ఆ ఏళ్ళు రాయకపోతే డెస్కు మీద ఎవరో "సగం బంబుల్ బీలు హతం" అని శీర్షిక తగిలిస్తారు, పక్కన తేనెటీగ ఫొటో వేస్తారు. ఫొటో నువ్వే పంపు, జాతి పేరు కింద రాయి. తేనెటీగలు మాయమైతే మనిషి నాలుగేళ్ళకు మించి బతకడని ఐన్‌స్టీన్ పేర తిరిగే ఆ జోస్యం కూడా తీసెయ్. ఆయన అన్నట్టు ఆధారం లేదు.

ఇక ముగింపు. ఆశాజనకంగా ముగించమని నీకూ ఎవరో చెప్పినట్టున్నారు. పుప్పొడి కరువైతే బంబుల్ బీలు ఆకులు కొరికి మొక్కను ముందే పూయిస్తాయన్నది నిజమే. 2020లో అచ్చయిన ప్రయోగాల్లో టమాటా నెల ముందు దాకా, నల్ల ఆవ మొక్క సుమారు రెండు వారాల ముందు పూశాయి. అక్కడ మొక్క ఉంది కాబట్టి పూసింది. మొక్కే లేని పొలంలో ఏ ఆకును కొరకాలి? ఆ పేరా కుదించి పైకి జరుపు. చివర్లో విల్లో చెట్టు పూత నుంచి వేసవి చివరి క్లోవర్ దాకా ఏ నెలలో ఏ పువ్వు ఉండాలో, ఆ నెలలో రాణి ఏ దశలో ఉంటుందో రాయి. పూలు లేని వారాలను అందులో ఖాళీగానే వదిలెయ్.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటి సంగతి తిరగరాసింది వచ్చాక చూద్దాం.